పగిలిన ప్లేటుకు సాక్షి

మా రోజుల్లో పార్సిలు దెబ్బతిని వస్తే నలుగురి మధ్యా విప్పేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడో సముద్రాలవతల, ఎవరింట్లోనో, తలుపేసుకుని విప్పుతున్నారు. విప్పినవాడే ఫిర్యాది, వాడే సాక్షి, వాడే ఫోటోగ్రాఫరు. తీర్పు చెప్పేది కంప్యూటరు. కట్టేది మటుకు నేను. బీపీ ఎందుకు పెరిగిందండీ అని డాక్టరుగారు అడిగితే ఇంతకంటే ఏం చెప్పను?

మాది తెనాలి. నాటకాల ఊరు గనక గ్రామఫోను ప్లేట్లకు ఇక్కడ మంచి గిరాకీ ఉండేది. నాన్నగారు పెట్టిన కొట్టు నా చేతికొచ్చి, క్యాసెట్ల కాలం చూసి, సీడీల కాలంలో మూతపడింది. అమ్ముడుపోని ప్లేట్లూ, చుట్టుపక్కల ఊళ్ళలో అటకల మీంచి దింపించి కొన్నవీ కలిపి ఇల్లంతా అవే. మనవరాలు ఖాతా తెరిచి పెట్టింది, ఇంటర్నెట్టు వేలంలో అమ్ముతున్నాను. ఏ సైటో చెప్పను. రేపు పొద్దున మళ్ళీ దాని మొహమే చూడాలి. కొనేవాళ్ళలో ఎక్కువమంది డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు. తాతగారింట్లో విన్న కపిలవాయి రామనాథశాస్త్రి పద్యమో, ఘంటసాల పుష్పవిలాపమో ఆ పాత ప్లేటు మీదే వినాలని వాళ్ళ పట్టుదల. ఆ పట్టుదల ఉన్నంతకాలం నా బేరానికి ఢోకా లేదు. వచ్చే చిక్కంతా దారిలోనే.

ప్లేటంటే ఇప్పటి పిల్లలు వంచితే వంగే వినైలు అనుకుంటారు. నేను చెప్పేది నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు. లక్కలో రాతిపొడి కలిపి అచ్చువేసింది. పది అంగుళాల వెడల్పు, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. హెచ్.ఎం.వి. వాళ్ళవి కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో తయారై వచ్చేవి. మొలెత్తు నుంచి జారితే చాలు, ముక్కలే. పార్సిలు ముడి మీద సీలు వేసేదీ లక్కతోనే, లోపల పగిలేదీ లక్కే. సీలు మటుకు చెక్కుచెదరకుండా వచ్చేది!

మద్రాసు నుంచి మా సరుకు రైల్లో వచ్చేది. చెక్కపెట్టె, లోపల వరిగడ్డి, పైన గోనెపట్టా కుట్టి పురికొసతో బిగించేవాళ్ళు. ఆర్.ఆర్., అంటే రైల్వే రసీదు, పట్టుకుని స్టేషనుకు వెళితే, సంతకం పెట్టకముందే నాన్నగారు పెట్టెను ఒక పక్కకు కాస్త వంచి చెవి ఆనించేవారు. గాజు పగిలితే గలగలమంటుంది. ప్లేటు పగిలితే గరగరమంటుంది. ఆ గర వినపడిందా, “ఓపెన్ డెలివరీ ఇప్పించండి బాబూ” అనేవారు. పార్సిల్ గుమాస్తా మొహం ముడుచుకునేవాడు, కానీ కాదనేవాడు కాదు. హమాలీ మేకులు ఊడదీసేవాడు. గుమాస్తా, హమాలీ, మేమిద్దరం, పక్కన తన బిందెల మూట కోసం వచ్చిన స్టీలు సామాన్ల షావుకారు, ఇంతమందిమి గడ్డిలోంచి ఒక్కో ప్లేటూ తీసి వెలుతురుకు పెట్టి చూసేవాళ్ళం. బాగున్నవి ఇటు, పగిలినవి అటు. లెక్క రిజిస్టరులోకి ఎక్కేది, కింద ఇద్దరి సంతకాలూ పడేవి. పెట్టె మూల నలిగిందా, మేకులు ముందే వదులయ్యాయా, గడ్డి తక్కువ కూరారా అన్నది కూడా రాసేవాళ్ళు. తప్పు రైలుదా, మద్రాసువాడిదా అన్నది అక్కడే సగం తేలిపోయేది.

ఇదేదో గుమాస్తా దయ అనుకునేరు. దెబ్బతిన్న పార్సిలును విప్పి చూపించి అప్పగించమని అడిగితే రైల్వే అలా ఇచ్చి తీరాలని 1989 నాటి రైల్వే చట్టం 81వ సెక్షనులో ఇవాళ్టికీ ఉంది. కొరియరు కుర్రాడిని అలా అడిగి చూడండి. హెల్మెట్ కూడా తియ్యడు. “సార్, ఓటీపీ చెప్పండి” అంటాడు, అంతే.

మరి డబ్బు ఎలా వచ్చేదంటారా? నత్తనడకే. ఆరునెలల్లోపు క్లెయిము నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత ఉత్తరం మీద ఉత్తరం. అదీ రైల్వే రిస్కు రేటు కట్టి ఉంటేనే కొంచెం బలం. ఓనర్స్ రిస్క్ అని కిరాయి తక్కువ రేటు ఒకటుండేది, పగిలితే నీ ఖర్మ అని దానర్థం. ప్లేట్లకు నాన్నగారు ఆ రేటుకు ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇక మద్రాసువాడి తప్పయితే వాళ్ళ మనిషి నెలకోసారి ఆర్డర్లకు వచ్చినప్పుడు తేలేది. ముక్కలన్నీ ఒక డబ్బాలో దాచి ఉంచేవాళ్ళం. ఆయన కాఫీ తాగుతూ ఆ ముక్కల్ని పేర్చుకుని, నంబర్లు రాసుకుని, మా ఖాతాలో జమ వేసుకునేవాడు. ఎన్నోసార్లు మాటా మాటా అనుకున్నారు కూడా. అయినా ఎవరూ ఎవర్నీ దొంగ అనలేదు. ముక్కలు ఎదురుగా బల్లమీద ఉన్నప్పుడు ఆ మాట నోటికి రాదు.

అన్నీ బాగుండేవని నేను అనను. మేం పల్లెటూళ్ళకు వీపీపీలో పంపిన ప్లేట్ల సంగతే తీసుకోండి. 1877 నుంచీ ఉన్న పద్ధతి అది. డబ్బు పోస్టుమాను చేతిలో పెట్టాకే పార్సిలు చేతికొస్తుంది. విప్పి చూస్తే లోపల ముక్కలుంటే? పోస్టాఫీసును అడిగే వీల్లేదు. పోయినా, పగిలినా, ఆలస్యమైనా మాకు బాధ్యత లేదని 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఆరో సెక్షను గోడ కట్టేసింది. దాని స్థానంలో 2023లో కొత్త చట్టం చేసి, 2024 జూన్ నుంచి అమల్లోకి తెచ్చారు. గోడ మటుకు పడగొట్టలేదు. పాపం ఆ రైతు సైకిలేసుకుని మా కొట్టుకొచ్చి ముక్కలు గల్లా ముందు పెట్టేవాడు. నాన్నగారు మారు మాట్లాడకుండా వేరే ప్లేటు ఇచ్చి పంపేవారు. అందరు షావుకార్లూ అలా ఇచ్చేవారని నేను ప్రమాణం చెయ్యలేను.

ఇక వేలం. మా రోజుల్లో వేలంపాటంటే సరుకు ముందు పెట్టి పాడించేవాళ్ళు. అప్పులపాలైన జమీందారుగారి సామాన్లు వేలానికొస్తే పొద్దున్నుంచీ జనం బల్లలు తట్టి, గడియారాలకు కీ ఇచ్చి, గ్రామఫోను సౌండుబాక్సు ఊది చూసేవాళ్ళు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, అంతే. సుత్తి పడ్డాక కాలు విరిగిన బల్ల అయినా నీదే. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టమూ సుత్తి దెబ్బతో అమ్మకం పూర్తయినట్టే అంటుంది. అదే చట్టం 39వ సెక్షనులో ఇంకో మాట ఉంది, నాకు బాగా ఇష్టమైనది: కొన్నవాడి ఒప్పుదల మీద సరుకును రవాణావాడికి అప్పగిస్తే, మామూలుగా అది కొన్నవాడికి అప్పగించినట్టే లెక్క. అంటే రవాణావాడి రసీదు, బిల్టీ, చేతికొచ్చాక దారిలో జరిగేది కొన్నవాడు చూసుకోవాలి. అమ్మినవాడు జాగ్రత్తగా కట్టి, తగిన పద్ధతిలో పంపితే చాలు.

ఇప్పటి వేలాల్లో ఇదంతా తలకిందులు. కొన్నవాడు చూసేది ఫోటో. పాట ఆఖరి రెండు సెకన్లలో దొంగచాటుగా పాడతాడు. సరుకు వాడి గుమ్మం చేరి, వాడు విప్పి, వాడికి నచ్చేదాకా నాదే బాధ్యత. మధ్యలో దాన్ని విసిరిన విమానం కూలీ, తొక్కిన వ్యాను డ్రైవరు, కస్టమ్సులో కోసి మళ్ళీ వంకరగా టేపు వేసిన మనిషి, వీళ్ళెవరి పేరూ ఫిర్యాదు ఫారంలో ఉండదు. “వర్ణనకు తగినట్టు లేదు” అని ఒక బటను ఉంటుంది. ప్లేటు పగిలితే అదే నొక్కాలి. నేనేదో అబద్ధం రాసి అమ్మినట్టు! ఫారంలో “దారిలో పగిలింది” అని రాయడానికి ఒక గడి పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఈ ఇంటర్నెట్టు వేలాలు మొదలైందే పాడైపోయిన వస్తువుతో. 1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ అనే కుర్రాడు, తర్వాత ఈబే అయిన సైటును పెట్టాడు. మొదట అమ్ముడైంది పనిచెయ్యని లేజర్ పాయింటరు, 14 డాలర్ల 83 సెంట్లకు. ఇది పాడైందని తెలుసా బాబూ అని ఆయనే అడిగితే, నేను పాడైన లేజర్ పాయింటర్లే పోగేస్తాను అన్నాట్ట కొన్నవాడు. నాకు ఇలాంటి బేరగాడు ఒక్కడు దొరికితే చాలు. పాత కొట్టు సామానంతా పంపేస్తాను.

మన దేశంలో బాజీ డాట్ కామ్ అని ఒక వేలం సైటు ఉండేది. 2004లో దాన్ని ఈబే కొనేసింది. పైసాపే అని పెట్టారు, సరుకు చేరేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండేది. బాగానే ఉండేది. 2018 ఆగస్టులో ఆ ఇండియా దుకాణం కట్టేశారు. ఇక్కణ్ణుంచి విదేశాలకు అమ్ముకునే దారి మాత్రం ఉంచారు. కానీ అమ్మేవాడికి అసలు దెబ్బ అంతకు పదేళ్ళ ముందే పడింది. 2008 నుంచి అమ్మేవాడు కొన్నవాడి గురించి చెడ్డమాట రాయకూడదని రూలు పెట్టారు. వాడు నన్ను ఏమైనా అనొచ్చు, నేను వాణ్ణి పొగడొచ్చు, లేదా నోరు మూసుకోవచ్చు. మా బజార్లో ఇలాంటి రూలు పెడితే మర్నాటికి షట్టర్లన్నీ దిగిపోయేవి. చెడ్డ రిమార్కుకు జడిసి మంచి కొనుగోలుదార్లు కూడా నోరు మెదపడం లేదని వాళ్ళు చెప్పిన కారణం. కొంత నిజమే అయ్యుండొచ్చు. నాకైతే నచ్చలేదు.

గడువులూ వాళ్ళవే. ఆ ఈబేలో అయితే సరుకు చేరాక 30 రోజుల దాకా కొన్నవాడు ఫిర్యాదు పెట్టొచ్చు. అమ్మినవాడు మూడు పనిదినాల్లో తేల్చాలి. తేల్చకపోతే కంపెనీయే మధ్యలోకి దిగుతుంది. నాకు ఆరునెలల క్లెయిములు అలవాటు. మూడు రోజులంటే ఉత్తరం మీద బిళ్ళ అంటించేలోగా అయిపోతాయి.

రెండు తగాదాలు చెబుతాను, తేడా మీరే చూడండి.

ఒకటి మిషిగన్‌లో ఉన్న ఒక డాక్టరుగారిది. “బాబాయ్ గారూ, ప్లేటు అంచు కొరికినట్టు విరిగి వచ్చింది. పెట్టె కుడి మూల లోపలికి నొక్కుకుపోయింది. విప్పకముందూ విప్పాకా తీసిన ఫోటోలు పంపుతున్నాను. రెండువైపులా పాట మొదలు పోయింది, మిగతాది బాగానే పాడుతోంది. ఏం చేద్దామంటారు?” ఇదీ మెసేజి. పెట్టె మూల నలిగిన చోటూ, ప్లేటు విరిగిన చోటూ సరిగ్గా ఒకదానికొకటి సరిపోయాయి. రీఫండు మొత్తం ఇస్తాను బాబూ అన్నాను. సగం చాలన్నాడు. ఆ రాత్రే పంపించేశాను. కాగితం లేదు, కంపెనీ లేదు.

రెండోది పద్యాల ప్లేటే, మంచి ధరకు పోయింది. “ముక్కలైంది. రీఫండ్.” అంతే మెసేజి. బల్లమీద నాలుగు ముక్కలున్న ఫోటో ఒక్కటి. పెట్టె ఫోటో పంపండి అంటే చెత్తలో పడేశానన్నాడు. మనవరాలు ఆ ఫోటోను స్క్రీను నిండా పెద్దది చేసింది. ప్లేటు లేబులు అంచున పాట పూర్తయ్యాక నున్నగా ఉండే భాగం ఉంటుంది, అక్కడ తయారీ నంబరు చెక్కి ఉంటుంది. నేను పంపేముందు ఆ నంబరును ఏటవాలు వెలుతురులో ఫోటో తీసి పెట్టుకుంటాను. వాడి ముక్కల్లో నంబరున్న ముక్కే లేదు. పోనీ లేబులు చూద్దామంటే, నా ప్లేటు లేబులు మీద మా కొట్టు ఊదారంగు రబ్బరు ముద్ర ఉంది. వాడి ముక్కల మీద ముద్ర లేదు. పాట అదే, కంపెనీ అదే, ప్లేటు వేరు. వాడి దగ్గర ముందే పగిలి పడున్న ప్లేటు ఫోటో తీసి నా మీదికి తోలాడు.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, ముద్ర చుట్టూ ఎర్రగీత గీసి, సైటుకు పంపాను. తీర్పు గంటల్లో వచ్చింది. మొత్తం డబ్బు కొన్నవాడికి. ప్లేటు వెనక్కి పంపనక్కర్లేదు. అప్పీలు చేస్తే మొదటి జవాబే అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ వచ్చింది. కింద మాత్రం “మీ సహనానికి కృతజ్ఞతలు” అని రాశారు. ఎవడి సహనం? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా డబ్బు తీసి వాడికిచ్చి, కస్టమరును సంతోషపెట్టామని చెప్పుకుంటారు. తగాదా పడ్డ సరుకును కంటితో చూసే మనిషి ఆ కంపెనీలో ఒక్కడు కూడా లేడు. మా పార్సిల్ గుమాస్తాకు పదో తరగతి చదువే. అయినా ముక్కలు చేత్తో పట్టుకుని చూసేవాడు.

అప్పట్నుంచీ ప్రతి ప్లేటుకూ వీడియో తీయిస్తున్నాను. తిప్పి రెండువైపులా చూపించడం, వేలితో మెల్లగా తట్టడం, ఒకవైపు మొత్తం పాడించడం. వెంట్రుకవాసి పగులుంటే కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక టిక్కు, నిమిషానికి 78. ఫోను పట్టుకున్న మనవరాలు సగంలోనే మొదలెడుతుంది.

“తాతయ్యా, చాలు, ఆపేస్తున్నా.”

“మూడు నిమిషాలు వినలేవుటే? మేం తెల్లవార్లూ విన్నాం పద్యాలు.”

“అది నాటకం తాతయ్యా. ఇది ఎవిడెన్సు.”

కట్టడం కూడా వీడియోలోనే. ప్లేటుకు అటూ ఇటూ అట్టలు వెయ్యాలి, లోపలి గీతలు ఒకదానికి నిలువుగా, రెండోదానికి అడ్డంగా రావాలి. అప్పుడు అట్ట ఎటూ మడవదు. అట్టలు ప్లేటు కంటే అన్నివైపులా అంగుళం పెద్దవి. ఇదంతా ఒక చిన్న పెట్టెలో, ఆ పెట్టె మరో పెద్ద పెట్టెలో, మధ్య నాలుగువైపులా రెండంగుళాల మెత్త. వరిగడ్డి పెడదామంటే విదేశాల కస్టమ్సు ఒప్పుకోదు, బబుల్ షీటు కొనాలి. ఎర్ర స్టిక్కరు మీద గాజు గ్లాసు బొమ్మ వేసి అంటిస్తాను గానీ, దాని మీద నాకు నమ్మకం లేదు. మా హమాలీకి చదువు రాకపోయినా ఆ బొమ్మ చూస్తే చెయ్యి నెమ్మదించేది. ఇప్పుడు మోసేది బెల్టు. దానికి గ్లాసూ తెలీదు, బొమ్మా తెలీదు.

తగాదా వచ్చాక చెయ్యాల్సింది తక్కువే. గడువులోపు జవాబివ్వాలి. కోపంగా ఒక్క ముక్క రాయకూడదు, ఎందుకంటే మన కోపాన్నే తర్వాత సాక్ష్యంగా చూపిస్తారు. ఫోటోలు అడగాలి, పెట్టె ఆరువైపులా, లోపలి మెత్త, సరుకు, అన్నీ. నిజంగా పగిలిందని తోస్తే అడక్కముందే డబ్బు పంపెయ్యాలి. నలిగిన మూల చూపించినవాడితో నేను ఎప్పుడూ బేరమాడలేదు. ఇన్సూరెన్సు కట్టి ఉంటే ఆ ఫోటోలతోనే రవాణావాడి మీద క్లెయిము వెయ్యాలి, పెట్టె పారేశాక వాళ్ళు పైసా రాల్చరు. అబద్ధమని తేలినా ఒక్కసారి అప్పీలు చేసి ఊరుకోవాలి. కోర్టు ఖర్చుకు పది ప్లేట్లు కొనొచ్చు.

మన దేశంలో కొనేవాళ్ళ విషయానికొస్తే, 2020 నాటి ఈ-కామర్సు నిబంధనలు వచ్చాయి. లోపమున్న సరుకును అమ్మినవాడు వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అమ్మేవాడిగా నాకు చేదే. కిందటేడు మా ఇంటికొచ్చిన మిక్సీ జారు పగిలి వస్తే మటుకు ఆ రూలే చూపించి కొత్తది తెప్పించుకున్నాను. అంచేత ఆ రూలును తిట్టను.

నేను తిట్టేదల్లా మధ్యలో కూర్చున్నవాణ్ణే. కమీషను ఇద్దరి పేరు చెప్పి తీసుకుంటాడు, నష్టం ఒక్కడి నెత్తిన వేస్తాడు, ముక్క మటుకు ముట్టుకోడు. రైల్వేవాడు ఎంత బద్ధకస్తుడైనా రిజిస్టరు మీద సంతకం పెట్టేవాడు. వీడికి సంతకం లేదు, మొహం లేదు, పేరడిగితే “మీ సపోర్ట్ టీమ్” అంటాడు.

కొనేవాళ్ళకు నా మనవి ఇది. పార్సిలు నలిగి వస్తే కత్తి పెట్టకముందే ఆరువైపులా ఫోటో తీయండి. విప్పేటప్పుడు ఇంట్లో ఎవర్నయినా పిలిచి ఫోను పట్టుకోమనండి. పెట్టె, మెత్త, ముక్కలు, ఏవీ తగాదా తేలేదాకా పారెయ్యొద్దు. బటను నొక్కేముందు అమ్మినవాడికి ఒక్క మెసేజి పెట్టండి. నా మటుకు నాకు రాత్రి పదకొండుదాకా ఫోను పక్కనే ఉంటుంది.